చవక కార్బన్ ఫ్రేమ్ కొనమంటారా?

సైకిల్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. నాకు 31 ఏళ్లు, బరువు 82 కిలోలు. ఆదివారం తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా గ్రూపుగా వెళ్లొస్తుంటాం. అప్పుడప్పుడు కైలాసగిరి, సింహాచలం కొండ ఎక్కుతాం. నాది అల్యూమినియం రోడ్ బైక్. గ్రూపులో కొందరు కార్బన్‌కి మారిపోయారు. తెలిసినాయన ఒకరు చైనా నుంచి తెప్పించిన కార్బన్ ఫ్రేమ్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కలిపి 38 వేలకు ఇస్తానంటున్నారు. దానిమీద పేరేమీ లేదు, నల్లటి మ్యాట్ ఫినిష్. "టీ1000 కార్బన్, 850 గ్రాములే తూగుతుంది. పెద్ద బ్రాండ్లు కూడా ఇదే ఫ్యాక్టరీలో చేయించుకుంటాయి, జనం పేరుకే లక్షలు పోస్తున్నారు" అంటారు. బిల్లు మాత్రం ఇవ్వరట. డబ్బు రెడీగా ఉంది కానీ ఎక్కడో టెన్షన్‌గా ఉంది. మీ జవాబు వచ్చేదాకా ఆగమని మా ఆవిడ అంది. కొనమంటారా?
(ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: కొనకండి. డబ్బు చేతిలో పెట్టుకుని కూర్చున్నారు కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. మీ ఆవిడ ఆగమనడం మంచిదైంది.

కొత్త పాఠకుల కోసం ఒక్కమాట. నేను పడవలు కట్టే యార్డులో ఫైబర్ పని తనిఖీ చేసే విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పడవకి గ్లాస్ ఫైబర్, సైకిల్‌కి కార్బన్ ఫైబర్. ఏదైనా పొర మీద పొర వేసి, రెజిన్‌తో, అంటే ఆరితే గట్టిపడే జిగురుతో, గట్టిపరిచే పనే. పైన రంగు పడ్డాక మంచి పనికీ చెడ్డ పనికీ తేడా కంటికి కనిపించదు. ఆ కనిపించని తేడాని వెతకడమే నా ఉద్యోగం. అందుకే ఈ విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడుతున్నాను.

చైనా సరుకనో, బ్రాండు లేదనో నేను వద్దనడం లేదు. ప్రపంచంలో కార్బన్ సైకిల్ ఫ్రేమ్‌లలో ఎక్కువ భాగం తయారయ్యేది చైనా, తైవాన్‌లలోనే. షియామెన్, షెంజెన్, డోంగ్వాన్, అటు తైవాన్‌లో తైచుంగ్ చుట్టుపక్కల ఈ పని దశాబ్దాలుగా సాగుతోంది. 1972లో తైవాన్‌లో మొదలైన జెయింట్, ఇతర బ్రాండ్లకి సైకిళ్లు చేసిపెడుతూనే అంత పెద్దదైంది. కాబట్టి ఆయన చెప్పిన "అదే ఫ్యాక్టరీ" అనే మాటలో కొంత నిజముంది. ఫ్యాక్టరీ ఒకటే అయినంత మాత్రాన ఫ్రేమ్ ఒకటే అయిపోదు. ఏ అచ్చులో చేశారు, ఏ పొర ఏ కోణంలో ఎక్కడ వేయమని డ్రాయింగ్ ఇచ్చారు, పూర్తయ్యాక ఎవరు పరీక్షించారు, పరీక్షలో తప్పినవాటిని ఏం చేశారు... ఫ్రేమ్‌కి బలం వచ్చేది వీటివల్ల. బ్రాండు డబ్బులో ప్రకటనల ఖర్చు ఉంటుంది, కాదనను. తప్పినవాటిని పక్కన పడేసే ఖర్చు కూడా అందులోనే ఉంటుంది.

ఈ పని ఎలా జరుగుతుందో తెలిస్తే నా భయం మీకూ అర్థమవుతుంది. రెజిన్ పట్టించిన కార్బన్ షీట్లని ముందు ఫ్రీజర్‌లో, సున్నాకి దాదాపు 18 డిగ్రీలు తక్కువలో దాచాలి. బయట ఎక్కువసేపు ఉంటే రెజిన్ పాడవుతుంది. ఆ షీట్లని వందల ముక్కలుగా కోసి, మనుషులే చేత్తో ఒక్కొక్కటీ అమర్చాలి. లోపల గాలితిత్తి పెట్టి ఉబ్బించి, అచ్చు మూసి, వేడిచేస్తారు. తిత్తి సరిగా ఉబ్బకపోతే పొరల మధ్య గాలి మిగులుతుంది. ఏ మలుపు దగ్గరో షీటు ముడతపడితే అక్కడ పోగులు వంకర తిరుగుతాయి. కార్బన్ పోగు బలమంతా నిటారుగా లాగినప్పుడే. వంకర తిరిగిన చోట ఆ బలం ఉండదు. తొందరలో ఉన్న చెయ్యి ఒక ముక్క తక్కువ వేసినా, రంగు కింద దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

జోడుగుళ్లపాలెం దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ఫ్రేమ్ విరిగి పడ్డ ఒక కుర్రాడు, కాలర్ బోను అతుక్కున్నాక, ఆ ముక్కలు నా దగ్గరికి తెచ్చాడు. అదీ పేరులేని ఫ్రేమే. ఇద్దరం కూర్చుని రంపంతో నిలువునా కోశాం. హ్యాండిల్ దగ్గర, హెడ్ ట్యూబ్ కింద భాగంలో గోడ మందం ఒక పక్క బాగానే ఉంది, రెండో పక్క అందులో సగం కూడా లేదు. ముడతపడిన చోట రెజిన్ గడ్డకట్టి ఉంది. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ పక్కన పుట్టీ పెట్టి నునుపు చేసి, పైన నల్లరంగు కొట్టారు. ఆ పుట్టీని గోరుతో గీకితే ఊడొచ్చింది. కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. నాకు మాత్రం చాలా కోపం వచ్చింది. అది యార్డులో నా టేబుల్ మీదికి వచ్చి ఉంటే ఎర్ర చాక్‌పీసుతో ఇంటూ కొట్టి వెనక్కి పంపేవాణ్ణి. ఆ ఇంటూ కొట్టే మనిషి అక్కడ లేడు.

ఇక "టీ1000". ఇది జపాన్‌లోని టోరే కంపెనీ తన పోగుకి పెట్టుకున్న పేరు. టీ700 పోగు లాగుడు బలం 4,900 మెగాపాస్కల్స్, టీ1000 పోగుది 6,370. ఆ అంకె పోగుదే, ఫ్రేమ్‌ది కాదు. పైగా గట్టిదనంలో, అంటే సాగకుండా నిలిచే గుణంలో, టీ1000కి, అదే కంపెనీ టీ800కి తేడా లేదు, రెండూ 294 గిగాపాస్కల్స్ దగ్గరే ఉంటాయి. చాలా మంచి ఫ్రేమ్‌లు ప్రధానంగా టీ700తోనే తయారవుతాయి. అవసరమైన చోట మాత్రమే ఖరీదైన పోగు వేస్తారు. ఫ్రేమ్ మొత్తం టీ1000 అని 38 వేలకు ఎవరైనా అంటే, ఆ మాటకి రుజువు అడగండి. రుజువు ఉండదు. నల్లరంగు కింద ఏ పోగు ఉందో అమ్మేవాడికి కూడా తెలియదు.

రుజువంటే ఏమిటో చెబుతాను. సైకిళ్ల భద్రతకి ఐఎస్ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఇప్పటి రూపంలో 2014లో వచ్చింది, 2023లో సవరించారు. దాని ప్రకారం రేసింగ్ సైకిల్ ఫ్రేమ్‌కి పెడళ్ల మీద 1,100 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 112 కిలోల బరువు పడ్డట్టుగా, లక్షసార్లు తొక్కించి చూస్తారు. 22.5 కిలోల దిమ్మెను ఎత్తు నుంచి ఫోర్కు మీద పడేస్తారు. ఆ పరీక్ష రిపోర్టులో ఏ మోడల్, ఏ సైజు, ఏ ల్యాబు, ఏ తేదీ అన్నీ ఉంటాయి. మీకు ఇస్తానన్న ఫ్రేమ్ మోడల్ నంబరు, దాని మీది సీరియల్ నంబరు ఆ రిపోర్టుతో కలవాలి. ఎవరి ఫ్రేమ్‌దో ఒక పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపితే లెక్కలోకి రాదు. కొన్ని ఫ్రేమ్‌ల మీద యూసీఐ ఆమోదం అని స్టిక్కర్ ఉంటుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 2011 నుంచి ఇస్తున్నది అది. పోటీ నిబంధనల ప్రకారం ఆకారం, కొలతలు సరిపోయాయని చెప్పడానికే ఆ స్టిక్కర్. బలానికి అది సర్టిఫికెట్ కాదు.

"బ్రాండువి విరగవా సార్?" అని మీ గ్రూపులో ఎవరో అడిగే ఉంటారు. విరుగుతాయి. 2021 మార్చిలో బెల్జియంలో లె సామిన్ రేసులో పేరున్న రేసర్ మాథ్యూ వాన్ డర్ పూల్ హ్యాండిల్ బార్ నడి రేసులో విరిగింది. ఆయన సైకిల్ కాన్యన్ కంపెనీది. ఆ కంపెనీ ఆ మోడల్ కొన్నవాళ్లందరినీ తొక్కడం ఆపమంది, భాగాలు మార్చింది. అదే ఏడాది స్పెషలైజ్డ్ కంపెనీ టార్మాక్ ఎస్ఎల్7 మోడల్‌లో ఫోర్కు స్టీరర్ (ఫోర్కుని హ్యాండిల్‌కి కలిపే గొట్టం) పగిలే ప్రమాదం ఉందని ఆ సైకిళ్లని వెనక్కి పిలిచింది. నేను చెప్పేది ఇదే. తప్పు దొరికినప్పుడు మీకు కబురు పెట్టడానికి ఒకరుండాలి. మీరు కొనబోయే ఫ్రేమ్ ఇంకో వందమంది కొని, అందులో పదిమందివి ఒకే చోట పగిలినా, ఆ సంగతి గాజువాకలో మీ చెవిన ఎవరు వేస్తారు?

బిల్లు లేకపోవడానికి ఒక కారణం ఇది కావచ్చు. 2020 నవంబరులో కేంద్రం నిషేధించిన చైనా యాప్‌లలో ఆన్‌లైన్‌లో సరుకులమ్మే అలీఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. ఇలాంటి సరుకు చాలాసార్లు మధ్యవర్తుల చేతుల మీదుగా వస్తుంది. బిల్లు లేకపోతే వారంటీ లేదు, తయారుచేసినవాడి పేరు లేదు, రేపు ఫోను ఎత్తకపోతే మీరు చేయగలిగింది లేదు.

పేరులేని ఫ్రేమ్‌లన్నీ ఒక గాటన కట్టను. కొన్ని ఫ్యాక్టరీలు సొంత పేరుతో, సొంత అచ్చుతో చేసి, పరీక్ష రిపోర్టు చూపించి, రెండు మూడేళ్ల వారంటీ ఇచ్చి నేరుగా అమ్ముతున్నాయి. వాటి ధర మీకు చెప్పిన దానికంటే ఎక్కువే ఉంటుంది, దిగుమతి సుంకం, జీఎస్టీ అదనం. అలాంటిది కొంటానంటే నేను అడ్డుచెప్పను. అన్నింటికంటే దారుణం పెద్ద బ్రాండు లోగో అంటించిన నకిలీ. మొదటి మెట్టులోనే అబద్ధం చెప్పినవాడు లోపలి పొరల దగ్గర నిజాయితీగా ఉంటాడని నేను నమ్మలేను.

ఫోర్కు గురించి వేరేగా చెప్పాలి. ఫ్రేమ్‌లో వెనక ట్యూబు పగిలితే చాలాసార్లు సైకిల్ ఆపి దిగే సమయం దొరుకుతుంది. ఫోర్కు స్టీరర్ విరిగితే హ్యాండిల్ చేతిలోకి వస్తుంది, ముఖం రోడ్డుకి తగులుతుంది. కైలాసగిరి దిగేటప్పుడు అది జరిగితే ఎలా ఉంటుందో ఊహించండి. ఎవరి మాట విన్నా వినకపోయినా, పేరులేని కార్బన్ ఫోర్కు మాత్రం వద్దు బాబూ. స్టీరర్ కూడా కార్బన్‌దే అయితే అస్సలు వద్దు.

మన ఊరికే ప్రత్యేకమైన గొడవ ఇంకోటి ఉంది, దీన్ని అమ్మేవాళ్లెవరూ ఎత్తరు. కార్బన్ తుప్పు పట్టదు, నిజమే. కానీ ఫ్రేమ్‌లో అల్యూమినియం ముక్కలు చాలా ఉంటాయి. బాటిల్ బోల్టులు దిగే నట్లు, బాటమ్ బ్రాకెట్ గొట్టం, గేరు తగిలించే హ్యాంగర్, చాలామందికి సీటుపోస్టు కూడా. కార్బన్, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ మధ్యలో ఉప్పునీటి తేమ చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది, అరిగిపోయేది అల్యూమినియమే. తెల్లటి పొడి కనిపిస్తుంది, తర్వాత సీటుపోస్టు ట్యూబులో బిగుసుకుపోతుంది, బోల్టు తిప్పితే నట్టు కూడా తిరుగుతుంది. మంచి తయారీదారు ఆ రెండిటి మధ్య గ్లాస్ ఫైబర్ పొర వేసి వేరుచేస్తాడు. చవక ఫ్రేమ్‌లో ఆ పొర ఉంటుందని నమ్మకం లేదు. లాసన్స్ బే కాలనీలో, చినవాల్తేరులో బాల్కనీలో పెట్టిన సైకిల్ చైను ఎంత తొందరగా ఎర్రబడుతుందో చూసినవాళ్లకి ఈ గాలి సంగతి చెప్పక్కర్లేదు. రోజూ బీచ్ రోడ్డు మీద తొక్కే ఫ్రేమ్‌కి ఇది చిన్న విషయం కాదు.

అసలు మీకు వచ్చే లాభం ఎంతో లెక్కేద్దాం. మీరు 82 కిలోలు, సైకిల్, నీళ్లసీసా కలిపి 10 అనుకుంటే మొత్తం 92. ఫ్రేమ్ మారిస్తే మహా అయితే 700 గ్రాములు తగ్గుతుంది. మొత్తంలో అది నూటికి ఒకటి కూడా లేదు. ఇరవై నిమిషాలు పట్టే ఎక్కుడులో పది సెకన్ల లోపు తేడా. రుషికొండ దాటాక చదును రోడ్డు మీద ఆ తేడా కూడా ఉండదు, అక్కడ మీరు పోరాడేది ఎదురుగాలితో. కార్బన్ బాగుండదని నేను అనను. 1986లో అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ టూర్ డి ఫ్రాన్స్ రేసు గెలిచింది కార్బన్ ఫ్రేమ్ మీదే, ఇప్పుడు అక్కడ తొక్కే సైకిళ్లన్నీ దాదాపు అవే. కానీ మంచి కార్బన్‌తో వచ్చే హాయి చెడ్డ కార్బన్‌తో రాదు.

ఆ 38 వేలలో కొంత పెట్టి 28 మిల్లీమీటర్ల మెత్తటి మంచి టైర్లు వేయించండి, మీ ఫ్రేమ్‌లో అంత వెడల్పు పడుతుందో లేదో కొలిచి చూసుకోండి. మన రోడ్ల మీద ఒళ్లు నొప్పులు తగ్గడానికి దానికి మించింది లేదు. పాత బ్రేకు కేబుళ్లు, ప్యాడ్లు మార్చండి. ఎవరైనా తెలిసినవారితో సైకిల్ ఫిటింగ్, అంటే మీ ఒంటికి తగ్గట్టు సీటు, హ్యాండిల్ సరిచేయడం, చేయించుకోండి. మిగిలింది దాచండి. ఇంకో ఏడాదికి పేరున్న కంపెనీది, కార్బన్ ఫోర్కుతో ఉన్న మంచి అల్యూమినియం సైకిలో, డబ్బు కలిస్తే బిల్లుతో కార్బన్ సైకిలో కొనుక్కోండి. మీ గ్రూపులో ఇప్పటికే ఇలాంటి ఫ్రేమ్ కొన్నవాళ్లుంటే వాళ్లకి ఈ పేజీ చూపించండి. వాళ్లని తిట్టడానికి కాదు, కనీసం ఫోర్కు మార్పించడానికి.

ప్రశ్న: మావాడి కార్బన్ సైకిల్ గోడకి కొట్టుకుని పై ట్యూబులో చిన్న పగులు వచ్చింది. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్లు వెయ్యి రూపాయలకి మూసేస్తామన్నారు. చేయించమంటారా?
(ఒక పాఠకురాలు, మధురవాడ)

జవాబు: వద్దమ్మా. వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది, నడిసముద్రంలో ప్రాణాలు నిలబెట్టే పని అది. కానీ వాళ్లు వాడేది గ్లాస్ ఫైబర్ మ్యాట్, పాలిస్టర్ రెజిన్. సైకిల్ ఫ్రేమ్ ఎపాక్సీ అనే వేరే రకం రెజిన్‌తో తయారైంది. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా అతుక్కోదు, ఎండకీ కుదుపులకీ ఊడివస్తుంది. పైకి మాత్రం అతికినట్టే కనిపిస్తుంది, ప్రమాదమంతా అక్కడే.

కార్బన్ బాగుచేయడం సాధ్యమే. పగులు చుట్టూ మెట్లుమెట్లుగా అరగదీసి, పాత పొరల దిశలోనే కొత్త కార్బన్ పొరలు ఎపాక్సీతో వేసి, ఒత్తిడి పెట్టి, తగిన వేడిలో గట్టిపరచాలి. కార్బన్ సైకిళ్లే బాగుచేసే చోటికి పంపండి, పని చేశాక ఎంతమేర పాడైందో ఫోటోలతో చూపించమని అడగండి. పగులు ఫోర్కులో గానీ, హ్యాండిల్‌లో గానీ ఉంటే బాగుచేయించకండి, మార్చేయండి. ఈలోగా మీ అబ్బాయిని ఆ సైకిల్ ఎక్కనివ్వకండి. సైకిల్ కంపెనీది, మీరే మొదట కొన్నదైతే బిల్లు వెతకండి. గోడకి కొట్టుకున్నది వారంటీలో రాకపోయినా, కొన్ని కంపెనీలు అలాంటప్పుడు తగ్గింపు ధరకి కొత్త ఫ్రేమ్ ఇస్తాయి. అడగడానికి ఖర్చేమీ లేదు.

ప్రశ్న: పేరున్న కంపెనీ కార్బన్ సైకిల్ సెకండ్‌హ్యాండ్‌లో మంచి ధరకి వస్తోంది. కొనేముందు ఇంట్లోనే చూసుకోవడానికి ఏదైనా పద్ధతి ఉందా?
(ఒక విద్యార్థి, ఎంవీపీ కాలనీ)

జవాబు: ముందు ఒక విషయం తెలుసుకోండి. జెయింట్, ట్రెక్, స్పెషలైజ్డ్ లాంటి కంపెనీలు ఫ్రేమ్‌కి ఇచ్చే జీవితకాల వారంటీ మొదట కొన్న మనిషికే. మీకు రాదు. ధర మాట్లాడేటప్పుడు దాన్ని లెక్కలో పెట్టుకోండి.

పగటి వెలుతురులో చూడండి. చక్రాలు, సీటుపోస్టు తీయమనండి. తీయనివ్వకపోతే అక్కడితో ఆపేయండి. ఫ్రేమ్ శుభ్రంగా తుడిచి, రూపాయి బిళ్లతో ట్యూబు పొడవునా తేలిగ్గా తట్టుతూ వెళ్లండి. శబ్దం ఖంగుమని వస్తూ ఒకచోట హఠాత్తుగా బొదబొదమంటే అక్కడ పొరలు విడిపోయి ఉండొచ్చు. ట్యూబుల అతుకుల దగ్గర మందం ఎక్కువ కాబట్టి శబ్దం మామూలుగానే మారుతుంది, దానికి కంగారుపడొద్దు. ఎడమ వైపు, కుడి వైపు ఒకే చోట తట్టి పోల్చుకోండి. ఒక్కచోటే కొత్తగా రంగు కొట్టి ఉందేమో, కంపెనీ అంటించని చోట స్టిక్కర్ ఉందేమో చూడండి. ఫోర్కు బయటికి తీయించి స్టీరర్ మీద, ముఖ్యంగా హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ బిగించే చోట, గీతలా పగులు ఉందేమో వేలిగోరుతో తడమండి. సీటుపోస్టు క్లాంప్ దగ్గర ఎక్కువ బిగించి నలిపిన గుర్తు ఉంటే వదిలేయండి. అక్కడ చాలావరకు 5 న్యూటన్ మీటర్లకి మించి బిగించకూడదు. ఫ్రేమ్ మీద రాసిన అంకె చూసి, కొన్నాక మొదట, ఎంత బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచి కొనుక్కోండి.